డాల్మేషియా దీవుల నౌకాయాత్ర

డాల్మేషియా దీవుల నౌకాయాత్ర అనగా క్రొయేషియా దేశపు దక్షిణ తీరంలో స్ప్లిట్ నగరం మొదలుకొని హ్వార్, కోర్చులా దీవుల మీదుగా డుబ్రోవ్‌నిక్ నగరం వరకు ఫెర్రీలలో సాగే ప్రయాణం. మధ్యధరా సముద్రంలో భాగమైన ఆడ్రియాటిక్ సముద్రపు తూర్పు తీరానికి డాల్మేషియా అని పేరు. ఈ దారిలోని పట్టణాలు మోటారు వాహనాలు పుట్టడానికి ఎన్నో శతాబ్దాల ముందు కట్టినవి. సరుకులు, మనుషులు సముద్రం మీదుగా రావడానికి, రేవులో దిగినవారు కాలినడకన ఇల్లు చేరడానికి వీలుగా వీటిని నిర్మించారు. అందువలన వీటిని తెలుసుకోవడానికి నేటికీ పడవ, కాలినడక అనే రెండే సరైన సాధనాలు. స్ప్లిట్, డుబ్రోవ్‌నిక్ పాత నగరాలను 1979లోను, హ్వార్ దీవిలోని స్టారీ గ్రాడ్ మైదానాన్ని 2008లోను యునెస్కో ప్రపంచ వారసత్వ స్థలాలుగా గుర్తించింది.

భౌగోళిక స్వరూపం

క్రొయేషియా తీరంలో చిన్నవి, పెద్దవి, సముద్రంలోనుండి పైకి లేచిన రాళ్ళతో సహా లెక్కిస్తే వెయ్యికి పైగా దీవులున్నాయి. వీటిలో జనావాసం ఉన్నవి సుమారు యాభై మాత్రమే. ఇక్కడి దీవులలో అత్యధికం తీరానికి సమాంతరంగా, సన్నగా, పొడవుగా ఉంటాయి. దీనికి కారణం ఉన్నది. ఒకప్పుడు ఇవి తీరం వెంబడి సాగిన సున్నపురాతి కొండల వరుసలు. చివరి మంచు యుగం ముగిసి సముద్ర మట్టం పెరిగినపుడు కొండల నడుమనున్న లోయలు మునిగి జలసంధులయ్యాయి. శిఖరాలు దీవులుగా మిగిలాయి. ప్రపంచంలో ఎక్కడ ఇటువంటి తీరం కనిపించినా భూగోళ శాస్త్రజ్ఞులు దానిని డాల్మేషియా తరహా తీరం అంటారు.

సున్నపురాయి నీటిని నిలువనీయదు. అందువలన ఈ దీవులలో నదులు దాదాపు లేవు. పూర్వం ప్రతి ఇంటి కప్పుమీద పడిన వాన నీటిని రాతి తొట్లలో నిలువ చేసుకొనేవారు. ఇప్పుడు బ్రాచ్, హ్వార్, కోర్చులా వంటి దీవులకు ప్రధాన భూభాగం నుండి సముద్రగర్భంలో వేసిన గొట్టాల ద్వారా మంచినీరు అందుతున్నది.

ఇక్కడి జీవితాన్ని శాసించేవి మూడు గాలులు. ఈశాన్యం నుండి కొండలు దిగి హఠాత్తుగా వీచే చలిగాలిని బురా అంటారు. ఆగ్నేయం నుండి తేమను, పెద్ద అలలను తెచ్చే వెచ్చని గాలి యూగో. వేసవి మధ్యాహ్నాలలో వాయవ్యం నుండి వీచే చల్లని సముద్రపు గాలి మాయెస్త్రాల్. బురా, యూగో ఉధృతమైనపుడు ఫెర్రీలు ఆగిపోతాయి. మాయెస్త్రాల్ మాత్రం తెరచాప పడవలకు, ఎండకు వేగిన పట్టణాలకు కూడా మేలు చేసే గాలి.

ఫెర్రీ వ్యవస్థ

ఈ తీరంలో ఫెర్రీలను నడిపే ప్రధాన సంస్థ యాద్రొలీనియా. ఇది ప్రభుత్వ సంస్థ. 1947లో స్థాపితమైనది. ప్రధాన కార్యాలయం రియేకా నగరంలో ఉన్నది. కొన్ని మార్గాలలో ప్రైవేటు సంస్థలు కూడా నౌకలు నడుపుతున్నాయి.

నౌకలు ముఖ్యంగా రెండు రకాలు. మొదటివి కార్లను, లారీలను, బస్సులను కూడా ఎక్కించుకొనే పెద్ద ఫెర్రీలు. గోదావరి రేవులలో పంటు చేసే పనినే ఇవి సముద్రం మీద చేస్తాయి. ఇవి నిదానంగా వెళతాయి. ప్రయాణికులు పై అంతస్తులో ఆరుబయట కూర్చొనవచ్చును. రెండవవి మనుషులను మాత్రమే ఎక్కించుకొనే వేగ నౌకలు. జంట అడుగులున్న ఈ నౌకలను కాటమరాన్‌లు అంటారు. దుంగలను కలిపి కట్టిన తెప్పకు తమిళంలో ఉన్న కట్టుమరం అనే పేరే ఐరోపా భాషలలోకి వెళ్ళి కాటమరాన్ అయినది.

స్ప్లిట్ నుండి బ్రాచ్ దీవిలోని సుపెతార్‌కు పెద్ద ఫెర్రీలో సుమారు 50 నిమిషాలు, హ్వార్ దీవిలోని స్టారీ గ్రాడ్‌కు సుమారు రెండు గంటలు పడుతుంది. కాటమరాన్‌లో స్ప్లిట్ నుండి హ్వార్ పట్టణానికి దాదాపు ఒక గంట ప్రయాణం. పెద్ద ఫెర్రీలు ఏడాది పొడవునా తిరుగుతాయి. దీవి నుండి దీవికి నేరుగా వెళ్ళే కాటమరాన్ సర్వీసులు చాలావరకు వేసవికే పరిమితం. చలికాలంలో ఒక దీవి నుండి మరొక దీవికి వెళ్ళాలంటే తిరిగి స్ప్లిట్‌కు వచ్చి మరొక నౌక ఎక్కవలసిన సందర్భాలు ఎక్కువ.

యాత్రికులకు ఫెర్రీ ఒక విహారం. దీవి ప్రజలకు అది రహదారి. ఉన్నత విద్య, పెద్ద ఆసుపత్రి, ప్రభుత్వ కార్యాలయం వంటి అవసరాలకు వారు ఫెర్రీలోనే నగరానికి వెళ్ళాలి. అందుచేత లాభం రాని మార్గాలకు ప్రభుత్వం సహాయ ధనం ఇస్తున్నది. స్థానికులకు తక్కువ ఛార్జీలు అమలులో ఉన్నాయి.

స్ప్లిట్: నగరంగా మారిన రాజభవనం

రోమను చక్రవర్తి డయొక్లీషియన్ క్రీ.శ. 305లో తనంతట తాను పదవి విడిచిపెట్టాడు. విశ్రాంత జీవితం కోసం తన జన్మస్థలానికి సమీపంలో, సముద్రపు ఒడ్డున ఒక కోట వంటి భవనం కట్టించుకొన్నాడు. దాని పొడవు సుమారు 215 మీటర్లు, వెడల్పు సుమారు 180 మీటర్లు. తెల్లని సున్నపురాయిని ఎదురుగానున్న బ్రాచ్ దీవి నుండి పడవలలో తెచ్చారు.

ఏడవ శతాబ్దంలో అవారుల, స్లావుల దాడులలో సమీపంలోని సలోనా నగరం నాశనమైనది. అక్కడి నుండి పారిపోయిన ప్రజలు ఖాళీగా ఉన్న ఈ భవనంలో తలదాచుకొన్నారని సంప్రదాయ చరిత్ర. వారు తిరిగి వెళ్ళలేదు. నడవాలు వీధులయ్యాయి, గదులు ఇళ్ళయ్యాయి. స్తంభాల మధ్య ఖాళీలను గోడలతో పూడ్చి కిటికీలు పెట్టుకొన్నారు. నేటికీ ఆ ప్రాకారం లోపల కుటుంబాలు నివసిస్తున్నాయి.

ఈ మార్పులలో అన్నింటికన్న గమనించదగ్గది చక్రవర్తి సమాధి మందిరం కథ. డయొక్లీషియన్ క్రైస్తవులను తీవ్రంగా హింసించాడు. సలోనా బిషప్పు డోమ్నియస్ ఆ హింసలోనే క్రీ.శ. 304లో మరణించాడు. తరువాతి కాలంలో అదే చక్రవర్తి సమాధి మందిరాన్ని ప్రజలు డోమ్నియస్ పేరిట చర్చిగా మార్చారు. ఎనిమిది కోణాల ఆ కట్టడమే నేటి స్ప్లిట్ కేథడ్రల్. సమీపంలోని జూపిటర్ దేవాలయం క్రైస్తవుల జ్ఞానస్నాన మందిరమైనది. దాని పక్కనున్న సందు ఎంత ఇరుకైనదంటే దానికి స్థానికులు "నన్ను వెళ్ళనివ్వు" అనే అర్థం వచ్చే పేరు పెట్టుకొన్నారు.

భవనం దక్షిణ భాగంలో నేలకింద విశాలమైన కమానుల గదులున్నాయి. పైనున్న చక్రవర్తి నివాసాన్ని మోయడానికి కట్టినవి కావడం వలన వాటి అమరిక పైగదుల అమరికతో సరిపోలుతుంది. పైభాగం చాలావరకు మారిపోయినా, కింది గదులను బట్టి పాత భవనం ఆకృతిని తెలుసుకోగలుగుతున్నారు. స్కాట్లాండు వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ 1757లో ఇక్కడికి వచ్చి కొలతలు తీసుకొని 1764లో చిత్రాలతో గ్రంథం ప్రచురించాడు. బ్రిటనులో ఆనాటి భవన నిర్మాణ శైలిపై ఆ గ్రంథ ప్రభావం ఉన్నది.

హ్వార్: గ్రీకుల పొలాలు, ప్రజల నాటకశాల

పెద్ద ఫెర్రీ హ్వార్ దీవిలో స్టారీ గ్రాడ్ రేవుకు చేరుతుంది. స్టారీ గ్రాడ్ అనగా పాత పట్టణం. క్రీ.పూ. 384లో ఏజియన్ సముద్రంలోని పారోస్ దీవి నుండి వచ్చిన గ్రీకులు ఇక్కడ ఫారోస్ అనే వలస నెలకొల్పారు. పట్టణం పక్కనున్న మైదానాన్ని వారు దీర్ఘచతురస్రాకారపు కమతాలుగా కొలిచి పంచుకొన్నారు. ఒక్కొక్క కమతం సుమారు 900 మీటర్ల పొడవు, 180 మీటర్ల వెడల్పు. కమతాల హద్దులుగా సున్నం గాని, మట్టి గాని లేకుండా రాతి మీద రాయి పేర్చి గోడలు కట్టారు. దాదాపు 2,400 సంవత్సరాల తరువాత కూడా ఆ హద్దులు నిలిచి ఉన్నాయి. వాటి మధ్య ద్రాక్ష, ఆలివ్ తోటలు సాగవుతున్నాయి. ఇటువంటి గోడలు కట్టే విద్యను క్రొయేషియాతో సహా ఎనిమిది ఐరోపా దేశాల ఉమ్మడి సంప్రదాయంగా 2018లో యునెస్కో గుర్తించింది. ఈ మైదానంలో బాటలు సమతలంగా ఉండటం వలన నడక సులభం.

స్టారీ గ్రాడ్‌లో చూడదగ్గ మరొక కట్టడం త్వర్దాల్. ఇది పెటార్ హెక్టరోవిచ్ అనే 16వ శతాబ్దపు కవి తనకోసం కట్టుకొన్న కోట వంటి ఇల్లు. దీని నడుమ సముద్రపు నీటితో నిండే చేపల కొలను ఉన్నది. ఇద్దరు జాలరులతో కలసి దీవుల మధ్య మూడు రోజులు చేసిన పడవ ప్రయాణాన్ని హెక్టరోవిచ్ ఒక కావ్యంగా రచించాడు. అది 1568లో వెనిస్‌లో అచ్చయినది. ఆ జాలరులు పాడిన పాటలను స్వరాలతో సహా అందులో చేర్చాడు. రాజులను, యుద్ధాలను విడిచి జాలరుల మాటలను కావ్యవస్తువుగా తీసుకొన్న కారణంగా క్రొయేషియా సాహిత్యంలో దానికి ప్రత్యేక స్థానం ఉన్నది.

స్టారీ గ్రాడ్ నుండి బస్సులో హ్వార్ పట్టణం చేరవచ్చును. పట్టణం మధ్యనున్న సెయింట్ స్టీఫెన్ చౌకు సుమారు 4,500 చదరపు మీటర్ల వైశాల్యంతో డాల్మేషియాలోకెల్లా పెద్దది. హ్వార్ దీర్ఘకాలం వెనిస్ గణతంత్రం అధీనంలో ఉన్నది. పాలనాధికారమంతా ప్రభువంశాల చేతిలో ఉండటంతో 1510లో మతియా ఇవానిచ్ నాయకత్వంలో సామాన్యులు తిరుగుబాటు చేశారు. వెనిస్ దానిని కఠినంగా అణచివేసింది. అయినా వర్గ వైరం ఒక శతాబ్దం పాటు చల్లారలేదు. చివరకు ఉభయులకు సంధి కుదిరింది. 1612లో రేవు ఒడ్డున నౌకాశాల పై అంతస్తులో నాటకశాల నిర్మించారు. ప్రభువులకు, సామాన్యులకు ఒకే కప్పు కింద ప్రవేశమిచ్చిన ఈ శాల ఐరోపాలోని పురాతన ప్రజా నాటకశాలలలో ఒకటి.

పట్టణంపైనున్న కోటకు మెట్లదారిన నడచి చేరవచ్చును. 1571లో ఒట్టొమను నౌకాదళం పట్టణాన్ని తగులబెట్టినపుడు ప్రజలు ఈ కోటలోకి వెళ్ళి ప్రాణాలు దక్కించుకొన్నారు. రేవు పక్కనే ఇళ్ళు, ఇళ్ళ వెనుక మెట్లు, మెట్ల చివర కోట. ఈ అమరికకు అర్థం మెట్లెక్కి పైనుండి చూచినవారికి స్పష్టమవుతుంది.

కోర్చులా: గాలిని బట్టి వేసిన వీధులు

కోర్చులా దీవిలోని దట్టమైన అడవులను చూచి ప్రాచీన గ్రీకులు దీనిని నల్ల కోర్కిరా అన్నారు. ఆ అడవుల కలప, పరిసరాలలోని రాయి ఇక్కడి వారిని పేరుపొందిన నౌకా నిర్మాతలుగా, రాతి పనివారుగా చేశాయి.

కోర్చులా పట్టణం సముద్రంలోకి చొచ్చుకొని వచ్చిన చిన్న భూభాగం మీద ఉన్నది. మధ్యలో వెన్నెముక వలె ఒక ప్రధాన వీధి, దానికి రెండు వైపుల చేపముల్లు వలె సన్నని సందులు. పడమటి వైపు సందులు తిన్నగా ఉంటాయి. వేసవిలో వీచే మాయెస్త్రాల్ గాలి వాటి గుండా నేరుగా పట్టణంలోకి వస్తుంది. తూర్పు వైపు సందులను కొంచెం వంపుగా వేశారు. చలికాలపు బురా గాలి ఆ వంపులలో తగిలి జోరు తగ్గుతుంది. యంత్రాలు లేని కాలంలో వీధుల రూపంతోనే చలువను, వెచ్చదనాన్ని సాధించిన పద్ధతి ఇది. పటంలో చూచి తెలుసుకోవడం కన్న మధ్యాహ్నం వేళ ఒకసారి పడమటి సందులోను, మరొకసారి తూర్పు సందులోను నడిస్తే ఈ తేడా సులభంగా బోధపడుతుంది.

1298లో కోర్చులా దగ్గర సముద్రంలో జెనోవా, వెనిస్ నౌకాదళాల మధ్య పెద్ద యుద్ధం జరిగింది. జెనోవా గెలిచింది. యాత్రికుడు మార్కో పోలో ఈ యుద్ధంలోనే బందీ అయ్యాడని సంప్రదాయ కథనం. జెనోవా చెరసాలలో ఉండగా ఆయన తన యాత్రా విశేషాలను రుస్తికెల్లో అనే తోటి ఖైదీకి చెప్పి వ్రాయించాడు. ఆ గ్రంథంలో ముత్ఫిలీ అనే రాజ్యం, దానిని న్యాయంగా ఏలిన రాణి, అక్కడి వజ్రాలు, సన్నని వస్త్రాలు వర్ణింపబడ్డాయి. ముత్ఫిలీ అనగా నేటి ఆంధ్ర ప్రదేశ్ తీరంలోని మోటుపల్లి అనీ, ఆ రాణి కాకతీయ రుద్రమదేవి అనీ చరిత్రకారులు గుర్తించారు. మార్కో పోలో కోర్చులాలోనే పుట్టాడని స్థానికులు చెప్పుకొంటారు. ఆయన ఇల్లు అని ఒక పాత కట్టడాన్ని చూపుతారు. దీనికి సమకాలీన ఆధారం లేదు. ఆయన వెనిస్ వాడని చరిత్రకారులలో అత్యధికుల అభిప్రాయం.

ఈ పట్టణంలో నాలుగు వందల సంవత్సరాలకు పైగా మోరెష్క అనే ఖడ్గ నృత్యం నిలిచి ఉన్నది. ఇద్దరు రాజులు, వారి సైన్యాలు ఒక కన్యకోసం చేసే యుద్ధం దీని ఇతివృత్తం. ప్రదర్శించేవారు వృత్తి నటులు కారు. పట్టణ యువకులే తమ పెద్దల నుండి దీనిని నేర్చుకొంటారు.

డుబ్రోవ్‌నిక్: గోడల వెనుక గణతంత్రం

ఫెర్రీలు డుబ్రోవ్‌నిక్‌లోని గ్రూజ్ రేవులో ఆగుతాయి. అక్కడి నుండి పాత నగరం సుమారు మూడు కిలోమీటర్లు. హ్వార్, కోర్చులాలలో ద్వారాల మీద, భవనాల మీద వెనిస్ చిహ్నమైన రెక్కల సింహం కనిపిస్తుంది. డుబ్రోవ్‌నిక్ ద్వారాలపై ఆ సింహం లేదు. దాని స్థానంలో నగర రక్షకుడైన సెయింట్ బ్లేజ్ విగ్రహాలు ఉంటాయి. 1358 తరువాత ఈ నగరం వెనిస్ అధీనంలో లేదనడానికి ఇది గుర్తు. రగూసా అనే పేరుతో 1808 వరకు ఇది ప్రత్యేక గణతంత్రంగా నిలిచింది. ఒట్టొమను సుల్తానుకు కప్పం కట్టి తూర్పు దేశాలతో వర్తకం సాగించింది. ఒకే మనిషి బలపడకుండా పాలకుడి పదవీకాలాన్ని ఒక్క నెలకు పరిమితం చేశారు. 1416లో ఈ గణతంత్రం బానిసల వ్యాపారాన్ని నిషేధించింది.

సముద్రం సంపదతో పాటు రోగాలను కూడా తెస్తుందని ఈ నగరం ముందుగానే గ్రహించింది. ప్లేగు ఉన్న ప్రాంతాల నుండి వచ్చినవారు నగరంలోకి వచ్చేముందు ఒక నెల రోజులు విడిగా ఉండాలని 1377లో శాసనం చేసింది. క్వారంటైన్ పద్ధతికి ప్రపంచంలో ఇదే మొదటి శాసనమని చెబుతారు. తరువాత తూర్పు ద్వారం వెలుపల ఇందుకోసం కట్టిన లాజరెట్ భవనాలు ఇప్పటికీ ఉన్నాయి.

నగర ప్రాకారం పొడవు 1,940 మీటర్లు. కొన్నిచోట్ల ఎత్తు 25 మీటర్లు. దీనిపై నడచి నగరమంతా చుట్టిరావచ్చును. ప్రధాన వీధి స్ట్రాదున్ పొడవు సుమారు 300 మీటర్లు. 1667 ఏప్రిల్ 6న సంభవించిన భూకంపంలో నగరంలో చాలా భాగం కూలిపోయి వేలమంది మరణించారు. స్ట్రాదున్‌కు రెండు వైపుల ఇళ్ళు ఒకే ఎత్తున, ఒకే తీరున ఉండటానికి కారణం ఆ తరువాత వాటిని ఒకే ప్రణాళికతో కట్టడమే. 1438 నాటి ఒనొఫ్రియో జలాశయం నుండి నేటికీ బాటసారులు మంచినీరు పట్టుకొంటారు.

1991లో యుగోస్లావ్ సైన్యం నగరాన్ని ముట్టడించింది. ఆ సంవత్సరం డిసెంబరు 6న పాత నగరంపై తీవ్రంగా ఫిరంగి గుండ్లు కురిశాయి. యునెస్కో దీనిని ప్రమాదంలో ఉన్న వారసత్వ స్థలాల జాబితాలో చేర్చి, మరమ్మతుల అనంతరం 1998లో తొలగించింది. ఈ దాడికి బాధ్యులైన సైనికాధికారులను హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం శిక్షించింది. ప్రాకారం మీద నుండి చూచినపుడు ఇళ్ళ కప్పులలో వెలిసిన పాత పెంకులు, ఎర్రని కొత్త పెంకులు వేరువేరుగా కనిపిస్తాయి. కొత్త పెంకులలో అత్యధికం ఆ యుద్ధం తరువాత వేసినవి.

యాత్రికులకు ఉపయోగపడే విషయాలు

* జూలై, ఆగస్టు నెలలలో ఎండ, రద్దీ ఎక్కువ. మే, జూన్, సెప్టెంబరు నెలలు నడకకు అనుకూలం.
* పెద్ద ఫెర్రీలలో కాలినడకన వచ్చేవారికి చోటు సాధారణంగా దొరుకుతుంది. కాటమరాన్‌లలో సీట్లు పరిమితం. వేసవిలో ముందుగా టికెట్టు తీసుకోవడం మంచిది.
* పెద్ద ఫెర్రీ ఆగే రేవు, పాత పట్టణం ఒకేచోట ఉండకపోవచ్చును. హ్వార్‌కు కాటమరాన్‌లో వెళితే పట్టణంలోనే దిగవచ్చును. కారు ఫెర్రీలో వెళితే స్టారీ గ్రాడ్‌లో దిగాలి.
* శతాబ్దాల నడకతో వీధుల రాళ్ళు నునుపు తేలి ఉన్నాయి. వాన పడితే జారుతాయి. పట్టున్న పాదరక్షలు అవసరం.
* గాలిని బట్టి సర్వీసులు రద్దు కావచ్చును. తిరుగు ప్రయాణానికి ఒక రోజు అదనంగా ఉంచుకోవాలి.
* క్రొయేషియా 2023 జనవరి 1న యూరో నాణెంలోను, షెంగెన్ ప్రాంతంలోను చేరింది.

నేటి సమస్యలు

దీవులు ఖాళీ కావడం కొత్త విషయం కాదు. 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట ఫిలొక్సెరా అనే పురుగు ద్రాక్ష తోటలను నాశనం చేసినపుడు వేలాదిమంది అమెరికా ఖండాలకు, ఆస్ట్రేలియాకు వలస పోయారు. ఆనాడు జనం పంట లేక వెళ్ళిపోయారు. ఇప్పుడు రాబడి ఉన్నచోట కూడా వెళ్ళిపోతున్నారు. పాత పట్టణాలలో ఇళ్ళను యాత్రికులకు రోజువారీ అద్దెకు ఇవ్వడం లాభసాటిగా ఉన్నది. దానితో ఏడాది పొడవునా ఉండే కుటుంబాలకు ఇల్లు దొరకడం కష్టమవుతున్నది. డుబ్రోవ్‌నిక్ పాత నగరంలో నివసించేవారి సంఖ్య 1991తో పోలిస్తే సగానికన్న తక్కువకు పడిపోయింది. కుటుంబాలు తగ్గిన కొద్దీ కిరాణా దుకాణాల స్థానంలో జ్ఞాపికల దుకాణాలు వస్తున్నాయి. చలికాలంలో అనేక కిటికీలు మూసి ఉంటాయి.

విహార నౌకల రద్దీని అదుపు చేయడానికి డుబ్రోవ్‌నిక్ నగర పాలక సంస్థ ఒకే సమయంలో రెండు నౌకలకన్న ఎక్కువ రాకుండా 2019లో ఏర్పాటు చేసింది. ఉదయం వచ్చి సాయంత్రం వెళ్ళిపోయే విహార నౌకకు, ఊరి నుండి ఊరికి సాగే ఫెర్రీకి మధ్య తేడా ఇక్కడ తెలుస్తుంది. మొదటిది వేలమందిని ఒకేసారి దించి తిరిగి ఎక్కించుకొంటుంది. రెండవదానిలో యాత్రికులు స్థానికుల పక్కనే కూర్చుంటారు, వారి వేళలను పాటిస్తారు, ఊరిలో రాత్రి బస చేస్తారు.

2022 జూలై 26న పెల్యెషాత్స్ వంతెన ప్రారంభమైనది. సుమారు 2.4 కిలోమీటర్ల ఈ వంతెన వలన బోస్నియా తీరభాగం గుండా వెళ్ళకుండానే రోడ్డుమీద డుబ్రోవ్‌నిక్ చేరే వీలు కలిగింది. అయినా హ్వార్, కోర్చులా, బ్రాచ్ దీవులకు వంతెనలు లేవు. అక్కడి జనం శాశ్వతంగా నిలవాలంటే వేసవి యాత్రికుల సంఖ్య కన్న, జనవరి నెలలో తెల్లవారుజామున బయలుదేరే మొదటి ఫెర్రీయే ముఖ్యం. యాత్రికులు లేని ఆ నెలలలో కూడా ఆ సర్వీసు దీవి ప్రజలను, పాలను, ఉత్తరాలను చేరవేస్తూనే ఉంటుంది.